కీమో నడుస్తున్న ఇంట్లో ఎవరు ఏ పని పట్టుకోవాలి?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. మా అక్కకు 42 ఏళ్లు. కుడి రొమ్ములో క్యాన్సర్ గడ్డకు ఆపరేషన్ చేసి, చంకలో గ్రంథులు కూడా తీశారు. ఇప్పుడు విశాఖలో కీమో మొదలైంది. 21 రోజులకొకటి చొప్పున నాలుగు, ఆ తర్వాత వారం వారం పన్నెండు ఎక్కించాలన్నారు. బావ హైదరాబాద్‌లో తాపీ పని చేస్తారు. చుట్టాలు, డ్వాక్రా గ్రూపు వాళ్లు ‘ఏం కావాలన్నా చెప్పండి’ అంటున్నారు గానీ, ఎవరికి ఏం చెప్పాలో తెలియడం లేదు. గుడ్డు, చేప పెట్టొద్దని పెద్దవాళ్లంటున్నారు. జ్వరం వస్తే ఇంటికే వచ్చి ఇంజెక్షన్ చేస్తానని ఊళ్లో ఆర్‌ఎంపీ గారంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: సాయం చేస్తామన్న వాళ్లకు పని, తేదీ రెండూ చెప్పి అప్పజెప్పండి. ఆపరేషన్ రోజున వార్డు బయట పదిమంది ఉంటారు. వారం కీమోలు సగం దాటేసరికి తోడు వచ్చే మనిషే దొరకరు, అప్పటికి ఆమెకు నీరసం కూడా ముదురుతుంది. మీ ముందున్నవి పదహారు ప్రయాణాలు, సుమారు ఆరు నెలలు. గోడ క్యాలెండర్‌లో ప్రతి తేదీ పక్కన ఒక పేరు, దాని కింద ఇంకో పేరు ఇప్పుడే రాయించండి. ఉడుపులు, కోతలు ఎప్పుడో చూసుకుని మరీ రాయండి.

తేదీలు జరుగుతుంటాయి. రక్తంలో ఇన్‌ఫెక్షన్‌ను అడ్డుకునే తెల్ల కణాలు తగ్గితే ఆ వారం కీమో ఆపేస్తారు. అందుకే బయల్దేరే ముందు రోజు నరసన్నపేటలోనో శ్రీకాకుళంలోనో సీబీసీ (రక్త కణాల లెక్క పరీక్ష) చేయించి, రిపోర్టు ఫొటోను ఆసుపత్రికి పంపి, రమ్మంటారో లేదో కనుక్కోవచ్చేమో మీ డాక్టర్‌ని అడగండి. ఒప్పుకుంటే ఉత్తి ప్రయాణాలు తప్పుతాయి. రైల్లో వెళ్తే రాయితీ ఉంది. ఆసుపత్రి నిర్ణీత ఫారంపై సంతకం చేసి ఇస్తే స్లీపర్, థర్డ్ ఏసీలో క్యాన్సర్ రోగికి చార్జీ పూర్తిగా, తోడు వెళ్లేవారికి 75 శాతం తగ్గుతుంది. ఆమదాలవలసలో రిజర్వేషన్ కౌంటర్ దగ్గర ఆ ఫారం చూపించి టికెట్ తీసుకోండి.

తోడు వెళ్లే మనిషి పని బెంచీ మీద కూర్చోవడం కాదు. మొదటి నాలుగు కీమోల్లో సాధారణంగా ఎర్రటి మందు ఉంటుంది, దాని పేరు డాక్సోరుబిసిన్. అది నరం దాటి బయటకు కారితే చర్మం, కండ పుండు పడతాయి. సూది దగ్గర మంట, వాపు, బిగుతు ఏది అనిపించినా వెంటనే నర్సును పిలవాలి. ‘అయిపోతుందిలే, ఓర్చుకో’ అనకూడదు. గ్రంథులు తీసిన కుడి చేతికి సూదులు, బీపీ పట్టీ వద్దని ప్రతిసారీ గుర్తు చేయండి. ఆ మందు ఎక్కాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. అది రక్తం కాదని ఇంట్లో అందరికీ ముందే చెప్పండి.

మర్నాడు తెల్ల కణాలు పెరిగే ఇంజెక్షన్ రాసి ఉంటే, కీమో పూర్తయిన 24 గంటల తర్వాతే వేయించాలి. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. విశాఖ నుంచి తెచ్చేటప్పుడు ఐస్ ప్యాక్ మీద నేరుగా పెట్టకండి, గడ్డకడితే మందు పాడవుతుంది. ప్యాక్‌ను తువ్వాలులో చుట్టి, పక్కన ఇంజెక్షన్ పెట్టండి. ఇంటికొచ్చాక ఫ్రిజ్ మధ్య అరలో ఉంచాలి, ఫ్రీజర్‌లో కాదు. చర్మం కింద వేసే సూది కాబట్టి పీహెచ్‌సీ నర్సు గానీ ఏఎన్ఎం గానీ వేయగలరు. దాని తర్వాత నడుము, ఎముకలు పీకుతాయి. నొప్పి మాత్ర వేసే ముందు జ్వరం చూడండి.

ఇక జ్వరం. ఈ జవాబులో ఒక్క విషయమే గుర్తుంటుందంటే ఇదే గుర్తుండాలి. 21 రోజుల కీమో ఎక్కిన 7వ రోజు నుంచి 14వ రోజు దాకా తెల్ల కణాలు బాగా పడిపోతాయి. డిజిటల్ థర్మామీటరు నాలుక కింద పెట్టి చూడండి. ఒక్కసారి 100.4 దాటినా, 100 దగ్గర గంటసేపు నిలిచినా, వణుకు పుట్టినా అర్ధరాత్రైనా బయల్దేరాలి. విశాఖ దాకా ఆగొద్దు. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో గానీ 24 గంటలూ డాక్టరుండే దగ్గరి పెద్దాసుపత్రిలో గానీ క్యాజువాల్టీకి వెళ్లి, ‘కీమో ఎక్కి పదో రోజు, జ్వరం’ అని ముందు ఈ మాటే చెప్పండి. గంటలోపు నరానికి యాంటీబయాటిక్ పడాలి. దారిలో విశాఖ డాక్టర్లకు ఫోన్ చేయండి. ఆ రాత్రి బండి ఎవరిదో, డ్రైవర్ ఎవరో ఈరోజే ఖాయం చేసుకోండి, 108 ఎలాగూ ఉంది.

ఆర్‌ఎంపీ గారికి మర్యాదగానే చెప్పండి, సూది మాత్రం వద్దు. డెక్సా గానీ డైక్లో గానీ వేస్తే జ్వరం దిగుతుంది, లోపల ఇన్‌ఫెక్షన్ అలాగే ఉండి రక్తంలోకి పాకుతుంది. ప్లేట్‌లెట్లు తగ్గిన మనిషికి కండకు సూది వేస్తే అక్కడ రక్తం గడ్డకట్టి, చీము పట్టొచ్చు. డోలో కూడా ఫోన్ చేసి అడిగాకే వేయండి.

పత్యం పేరుతో గుడ్డు, చేప మానిపించొద్దు. వాటివల్ల క్యాన్సర్ పెరగదు. మాంసకృత్తులు లేకపోతే కండ కరిగి, బరువు తగ్గి, మందు డోసే తగ్గించాల్సి వస్తుంది. రోజుకు రెండు పూర్తిగా ఉడికిన గుడ్లు, పప్పు, చేపల పులుసు, నోరు బాగుంటే చోడి అంబలి పెట్టండి. మానాల్సింది తరవాణి, పచ్చి పచ్చడి, బయట కోసిన పళ్లు. వాంతి మాత్రలు వాంతి వచ్చాక కాదు, గడియారం చూసి వేయాలి. నోరు పూస్తే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా తినే సోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించాలి. వంట పని మీ వదినకో పిన్నికో అప్పజెప్పేటప్పుడు ఈ పేరా చదివి వినిపించండి.

చూడ్డానికి వచ్చే వాళ్లను ఆ 7–14 రోజుల మధ్య రావద్దనండి. దగ్గు, జలుబు ఉన్నవాళ్లు ఎప్పుడూ వద్దు. ‘ఫలానా ఆవిడ ఇలాగే పోయింది’ అనే వాళ్లను గుమ్మంలోనే ఆపగల మనిషి ఒకరుండాలి. మొహమాటం లేని మేనత్తలు ఈ పనికి బాగా పనికొస్తారు. అక్కగారు సరిగా నిద్రపోక, ఎవరితోనూ మాట్లాడక రెండు వారాలు గడిస్తే అది కూడా డాక్టర్‌కి చెప్పాల్సిన లక్షణమే. టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

మీ బావగారు ఆరు నెలలూ పని మానుకుని కూర్చోనక్కర్లేదు. మొదటి కీమోలకు, మందు మారే రోజుకు ఉంటే మంచిది. ఆ తర్వాత వారం వారం ఎక్కే మందుతో వేళ్లకు తిమ్మిరి వస్తుంది. జాకెట్టు హుక్సు పెట్టుకోలేకపోయినా, కాలి నుంచి చెప్పు జారిపోయిన సంగతి తెలియకపోయినా ఆ వారమే డాక్టర్‌కి చెప్పాలి.

కుడి చేయి కదపకుండా ఉంచితే భుజం పట్టేస్తుంది. సర్జన్ సరేనన్నాక గోడ మీద వేళ్లతో పైకి పాకించమనండి. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. ఎంత ఎత్తు అందిందో పెన్సిల్‌తో గీత పెట్టండి. చేయి బరువెక్కినా, గాజు బిగిసినా చూపించాలి.

చివరిగా మీ సంగతి. తోబుట్టువుకు 42 ఏళ్లకే వచ్చింది కాబట్టి జన్యు పరీక్ష అవసరమా అని అక్కగారి డాక్టర్‌ని అడగండి. అక్కగారికి వచ్చిన వయసుకు పదేళ్లు తక్కువ, అంటే మీకు 32 దాటితే రొమ్ము పరీక్షలు ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా, ఈసారి తోడు వెళ్లినప్పుడే మాట్లాడి రండి.