తొమ్మిది మొరలు, ఇరవై నిమిషాలు

తమ్ముడూ,

ఈజిప్టు ‘వాగ్ధాటి గల రైతు’ కథను షార్ట్ ఫిల్మ్‌గా రాస్తున్నావని తెలిసి సంతోషించాను. దాదాపు 4,000 ఏళ్ల నాటి పపైరస్ చుట్టల్లో దొరికిన కథ. దీన్నే షాదీ అబ్దెల్ సలాం 1970లో దాదాపు 20 నిమిషాల సినిమాగా తీశాడు. అది తప్పక చూడు, కానీ నీ మొదటి ప్రతి పూర్తయ్యాకే.

ముందు రైతు గాడిదల్ని పోగొట్టుకున్న దారి సంగతి తేల్చుకో. ఒకపక్క నీళ్లు, ఇంకోపక్క బార్లీ చేను. మధ్యలో ఉన్న ఇరుకు బాట మీద, గాడిదల మీద కన్నేసిన నెమ్తినఖ్త్ కావాలనే గుడ్డ పరిపించాడు. రైతు ఖునానుప్ గాడిదలు గుడ్డ తొక్కకూడదు, చేలో దిగకూడదు. ఇంతలో ఒక గాడిద నోటినిండా బార్లీ లాగేస్తుంది, దొరికిందే సాకని నెమ్తినఖ్త్ వాటిని లాక్కుంటాడు. ఈ మూడూ ఒకే వైడ్ షాట్‌లో కనపడాలి. మాటల్లో చెప్పిస్తే ఉచ్చు కాస్తా పొలం గట్టు తగాదాలా తేలిపోతుంది. 2 నిమిషాలివ్వు, మాటలు పది దాటనీయకు.

అసలు చిక్కు, న్యాయం కోసం రైతు పెట్టుకునే తొమ్మిది మొరలు. మొరకు 2 నిమిషాలన్నా 18 అయిపోతాయి. అలాగని చకచకా సాగే ముక్కల మాంటేజ్‌లోకి నెట్టేస్తే కథే పోతుంది, ఆ మాటల కోసమేగా రాజు ఆ రైతుని ఆపించింది! మూడు ఉంచు. మొదటి మొరలో అధికారి రెన్సీని అనాథలకు తండ్రివని, వితంతువులకు భర్తవని పొగుడుతాడు. మూడోదాంట్లో నిందిస్తాడు, ఇద్దరు భటుల చేత కొరడా దెబ్బలు తింటాడు. తొమ్మిదోదాంట్లో నీ మీద అనూబిస్ దేవుడికే చెప్పుకుంటానంటాడు. మిగతా ఆరింటికీ లేఖకుడి ఒళ్లో పపైరస్ పెరగడం చూపిస్తే చాలు.

మొరల్లో సామెతలు దట్టించకు. మూలంలోనే తక్కెడ ఉంది: రెన్సీ నాలుక దాని లంబం, గుండె తూనికరాయి, పెదాలు కాడలు. ఆ ఒక్క పోలికనే మూడు చోట్లా పెంచుకుంటూ పో.

రైతు మాటలకు ముచ్చటపడ్డ రాజు నెబ్కౌరే రెన్సీతో, బదులివ్వకుండా వాటిని రాయించమంటాడు, తిండి మాత్రం చాటుగా పంపమంటాడు. రోజుకు 10 రొట్టెలు, 2 కూజాల బీరు. ఈ గుట్టు చివర్లో విప్పాలని నీకు ఆశ పుడుతుంది. వద్దు. దాస్తే అంతసేపూ రెన్సీ ఉత్త రాయిలా కూర్చుంటాడు, నటుడికి చేయడానికేమీ ఉండదు. మూలంలోలాగే మొదటి మొర కాగానే చెప్పేస్తే, అతని ప్రతి మౌనమూ వింటున్న మనిషి మౌనమవుతుంది. అలాగని రాజును మంచివాణ్ణి చేసెయ్యకు. పేదవాడి గోడు అతనికి వినోదమైంది. రొట్టె చూపించిన చేత్తోనే వీపు మీది వాతలూ చూపించు.

చివర్లో భటులు పిలవడానికొస్తే మళ్లీ కొట్టడానికే అనుకుని వణికిపోతాడు. ఆ భయాన్ని తొందరగా దాటెయ్యకు. తర్వాత కొత్త చుట్ట విప్పి, అతని మొరలు అతనికే చదివి వినిపిస్తారు. గొంతు లేఖకుడిది కావాలి. కెమెరా మాత్రం రైతు ముఖం మీద నుంచి కదలకూడదు.