ఒక్క బ్యాగుతో బయల్దేరుతున్న అమ్మలుకి

రాజమండ్రి

అమ్మలూ,

డిసెంబరులో ఒక్క బ్యాగు భుజాన వేసుకుని పూరీ, కలకత్తా, కాశీ, హరిద్వార్, రిషీకేశ్ తిరిగొస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆడపిల్ల ఒంటరిగా వెళ్తోందని తనకి టెన్షన్. నాకు ఆ భయం లేదు గానీ, నువ్వు వాట్సాప్‌లో పంపిన సామాన్ల లిస్టు చూశాక బెంగ పట్టుకుంది. మెడ దిండు, ట్రావెల్ టవలు, బట్టలారేసే తాడు, దానికి క్లిప్పులు, మడతపడే గిన్నె, చెంచా ఫోర్కు కత్తి కలిసిన పనిముట్టు, బెర్తు మీదికో దుప్పటి, కప్పుకోవడానికో దుప్పటి, స్నానానికి మగ్గు. ఒక్కో పనికి ఒక్కో వస్తువు కొంటూ పోతే ఒక్క బ్యాగు అన్న మాట మొదటి రోజే నీళ్లలో కలిసిపోతుంది. అందుకని వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నర్సుగా నా సర్వీసంతా రంపచోడవరం, మారేడుమిల్లి వైపు ఏజెన్సీ కొండల ఊళ్లలోనే గడిచింది కదా. టీకాల క్యాంపంటే జీపు పోయేదాకా జీపు, ఆపైన నడక, రాత్రికి ఏ బడి వరండాలోనో మకాం. టీకాలు చల్లగా ఉండాలి కాబట్టి ఐసు పెట్టిన క్యారియర్ బరువు తప్పేది కాదు. తగ్గించుకోగలిగింది మన సొంత సామాను ఒక్కటే. అక్కడ ఒంటబట్టిన లెక్క ఒకటుంది, అదే నీకు చెప్పదలుచుకున్నాను.

ఫలానా వస్తువు పది పనులకొస్తుందని ఎవరైనా చెబితే వెంటనే సంబరపడకు. ఆ పది పనుల్లో ఏ రెండు ఒకే వేళకు మీదపడతాయో చూడు. తువ్వాలు తల తుడుచుకోవడానికి వస్తుంది, చుట్టి తలకింద పెట్టుకుంటే దిండూ అవుతుంది. రాత్రి స్నానం చేసి పడుకునే అలవాటుంటే మాత్రం ఆ రెండు పనులూ ఒకే గంటలో పడతాయి. తడి గుడ్డ మీద తల పెట్టుకుంటే నిద్రేం పడుతుంది? అదే పొద్దున్నే స్నానం చేస్తే సాయంత్రానికి తువ్వాలు ఆరిపోయి రాత్రికి దిండు సిద్ధంగా ఉంటుంది. కాబట్టి లిస్టు రాసేముందు నీ రోజు ఎలా గడుస్తుందో రాసుకో. లేవడం, స్నానం, ఉతుకు, తిండి, తిరుగుడు, పడక. ఏ వేళకు ఏ వస్తువు ఖాళీగా ఉంటుందో దాని పక్కనే వేసుకో. రెండు పనులు ఒకే వేళకు గుద్దుకునే చోట మాత్రమే రెండో వస్తువు కొను.

ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పేస్తాను. శుభ్రం విషయంలో వస్తువు పై పని నుంచి కింది పనికి దిగొచ్చు గానీ, కింది నుంచి పైకి ఎక్కకూడదు. ఒంటి సబ్బుతో బట్టలు ఉతుక్కోవచ్చు, బట్టల సబ్బు ఒంటికి రాయకూడదు. అందుకే సబ్బు ఒక్కటే పట్టుకెళ్లు, ఒంటిదే. మొహం తుడుచుకున్న గుడ్డతో కాళ్లు తుడుచుకోవచ్చు. ఆ తర్వాత ఉతికి ఎండలో ఆరేదాకా అది మొహం దగ్గరికి రాకూడదు. నర్సుగా చెబుతున్నాను, ప్రయాణాల్లో కళ్లకలకలు, చర్మం దురదలు ఈ అజాగ్రత్త వల్ల కూడా వస్తాయి.

ఇక సామాను సంగతి. నీ దుప్పట్లు రెండూ కొట్టెయ్యి. వాటి బదులు ఒక పాత మంగళగిరి నూలు చీర చాలు. కొత్తది వద్దు. గంజి పూర్తిగా పోయి, ఉతికి ఉతికి మెత్తబడ్డదైతేనే నీళ్లు బాగా పీలుస్తుంది, తొందరగా ఆరుతుంది. అంచు దగ్గర నేత దట్టంగా ఉంటుంది కాబట్టి చీరంతా ఆరినా అంచు చెమ్మగానే ఉంటుంది. ముందు ఆ రెండు అంచులూ విడదీసెయ్యి. కత్తెరతో చిన్న గాటు పెట్టి లాగితే నిలువునా తిన్నగా చిరుగుతుంది. పారెయ్యకు, వాటితో పనుంది. మిగిలిన చీరను సగానికి చింపి చివర్లు మడిచి కుట్టుకో. చీర 5.5 మీటర్లు కాబట్టి 2.75 మీటర్ల ముక్కలు రెండు వస్తాయి.

స్లీపర్ క్లాసులో రైల్వేవాళ్లు మామూలుగా దుప్పట్లివ్వరు, ఏసీ బోగీలకే ఆ మర్యాద. ఒక ముక్క బెర్తు రెగ్జిను మీద పరిస్తే దాని పొడవు పోగా ఇంకో గజం మిగులుతుంది. ఆ కొసలో నీ మర్నాటి బట్టలు చుట్టి తలకింద పెట్టుకో. రెండో ముక్క రెండు మడతలేసి కప్పుకో. మిడిల్ బెర్తు రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకే. ఆ తర్వాత కింది బెర్తువాళ్లు కూర్చోవాలి కాబట్టి చటుక్కున మడిచి సంచీలో పెట్టుకునే పక్కే నీకు కావాలి. పరుచుకునే ముక్కకి ఒక మూల ఎర్రదారంతో నాలుగు కుట్లు వెయ్యి, పైకి కనిపించేది ఒకవైపే అయ్యేలా. ఆ వైపు ఎప్పుడూ బెర్తుకి, బెంచీకి, నేలకి. రెండో వైపు నీ ఒంటికి. ఇది చాదస్తమనుకోకు. మసక వెలుతురులో, నిద్రమత్తులో ఏది ఏ వైపో తెలియదు.

కప్పుకునే ముక్క పగలు ఖాళీగానే ఉంటుంది. కాశీలో గంగ స్నానం చేసి బట్టలు మార్చుకోవాలంటే దాన్ని మెడ చుట్టూ తెచ్చి రెండు పిన్నీసులు పెట్టుకుంటే అదే నీ గది. డార్మిటరీలో కింది మంచం దొరికితే పై మంచం చట్రానికి వేలాడదీస్తే తెర. సామాను పెరిగిన రోజు మూటకట్టే గుడ్డ.

ఇప్పుడు అంచులు. రెండు పట్టీలనూ కలిపి గట్టిగా మెలితిప్పి రెండు చివర్లూ ముడెయ్యి. బట్టలారేసే తాడు తయారు. తడి బట్ట మూలను ఆ మెలికల మధ్య దూర్చితే గాలికి కూడా ఊడదు, క్లిప్పులు అక్కర్లేదు. డిసెంబరులో కాశీ, హరిద్వార్‌లలో ఎండ పలచగా ఉంటుంది. పొగమంచు రోజుల్లో బట్టలు ఆరవు. అందుకని జీన్సు ప్యాంటు లిస్టులోంచి తీసెయ్యి. ఒకటి తడిస్తే రెండు రోజులు మోయాల్సి వస్తుంది.

తువ్వాలు గళ్లది కొను, నాలుగువైపులా మీటరు ఉండేలా చూసుకో. ఇలాంటి చదరపు గుడ్డకి మన దగ్గర పెద్ద చరిత్రే ఉంది. చీరాలలో, పుట్టపాకలో నేసే తేలియా రుమాలు అదే. నూలును నూనెలోనూ ఆముదం కాయల బూడిదలోనూ నానబెట్టి రంగులద్ది నేసేవాళ్లు. జాలర్లు, రైతులు దాన్నే లుంగీగా కట్టి, దాన్నే తలకి చుట్టి, దాన్నే భుజాన వేసుకునేవాళ్లు. ఓడలెక్కి అరబ్బు దేశాలకి తలగుడ్డగా కూడా వెళ్లింది. ఇప్పుడు ఆ నేత ఖరీదైన చీరల మీదికి వచ్చేసింది. నీకు మామూలు గళ్ల తువ్వాలు చాలు. మీటరు చదరం ఎందుకంటే, దాన్ని మూలకి మూల కలిపి మడిస్తే విరిగిన చేతిని మెడకి వేలాడదీసే కట్టు అవుతుంది. జ్వరమొస్తే తడిపి ఒళ్లు తుడవడానికి అదే. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. పాము కరిస్తే ఈ గుడ్డతో బిగించి కట్టడం, గాటు పెట్టడం చెయ్యొద్దు. కరిచిన చేతినో కాలినో కదలకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికి. ఆ బిగింపు కట్ల వల్ల చెడిపోయిన కాళ్లు నేను చూశాను.

నీళ్ల సీసా ఒక్క పొర స్టీలుది, సరిగ్గా లీటరుది తీసుకో. ఫ్లాస్కు లాంటి రెండు పొరలది వద్దు, దాన్ని పొయ్యి మీద పెడితే ప్రమాదం. ఒక పొరదైతే మూత తీసి వేడి చేసుకోవచ్చు. చలి రాత్రి టీకొట్టులో వేడినీళ్లు పట్టించుకుని, మూత బిగించి, సాక్సులో దూర్చి కాళ్ల దగ్గర పెట్టుకుంటే కాపడం సంచీ అవుతుంది. పొద్దున్నకి అవే తాగే నీళ్లు. నిండా మాత్రం పోయకు, కాస్త వెలితి ఉంచు. లీటరే ఎందుకంటే, విరేచనాలైతే తాగే ఓఆర్ఎస్ పొడి పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్లలో కలపాలి. కొలత తప్పితే మేలు కంటే కీడే ఎక్కువ. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలవాలి. కాబట్టి ఆ ఫోర్కు కలిసిన పనిముట్టు పక్కన పెట్టి మామూలు టీ చెంచా తీసుకో. తినడానికీ అదే, మందు కొలవడానికీ అదే.

మడత గిన్నె బదులు అడుగు సమంగా ఉన్న స్టీలు డబ్బా, మూత బిగిసేది. మూత కంచం, డబ్బా గిన్నె. రైల్లో అటుకులు నానబెట్టుకోవచ్చు, దారిలో కొన్న పళ్లు నలగకుండా పెట్టుకోవచ్చు. వేడినీళ్లు పోసి కుర్తా మీద మెల్లగా నొక్కుతూ పోతే ఇస్త్రీ కూడా అవుతుంది. బకెట్లో ముంచి స్నానం చెయ్యొచ్చు, స్టీలు కాబట్టి తోమితే సరి. మరుగుదొడ్డి వైపు మాత్రం దాన్ని తీసుకెళ్లొద్దు.

తాళం గురించి నీ లిస్టులో సూట్‌కేసు తాళం అని ఉంది. అది సరిపోదు. ఉత్తరాదిన చాలా ధర్మశాలల్లో తలుపుకి గొళ్లెం ఉంటుంది, తాళం మనదే వెయ్యాలి. ఆ చిన్న తాళం కొక్కెం గొళ్లెంలో పట్టదు. మధ్య సైజు ఇత్తడి తాళం ఒకటి, సన్నటి గొలుసు ఒకటి కొను. పగలు గదికి, రైల్లో రాత్రి బ్యాగుకి. స్టేషన్ క్లోక్‌రూమ్‌లో కూడా తాళం లేని బ్యాగు తీసుకోరు.

కొబ్బరినూనె ఒక్కటుంటే తలకి, పగిలిన పెదాలకి, మడమలకి, రాసుకుపోయిన తొడలకి, బిగుసుకున్న జిప్పుకి, తాళానికి అన్నిటికీ సరిపోతుంది. సన్న మూతి సీసాలో పోసుకోకు. 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది, అక్కడి చలికి సీసాలోంచి చుక్క రాదు. వెడల్పు మూతి డబ్బాలో పెట్టుకుంటే వేలితో తీసుకోవచ్చు.

గొంగళి పట్టుకెళ్లనా అని అడిగావట. నాకు గొంగళంటే ఎంత ఇష్టమో నీకు తెలుసు. పరుచుకుంటే పక్క, కప్పుకుంటే దుప్పటి, తలమీదుగా మడిచి వేసుకుంటే వానకి గొడుగు. చింతగింజల గంజి పట్టించి నేస్తారు కాబట్టి నీళ్లు తొందరగా దిగవు. గొర్రెలకాపరులు ఏడాదంతా దానితోనే గడిపేస్తారు. కానీ బరువు, తడిస్తే ఇంకా బరువు, ఆరడానికి రోజులు. నీలాగా ఊళ్లు మారేవాళ్లకి కుదరదు. ఉన్ని శాలువా ఒకటి తీసుకో, ఇంకా చలిగా ఉంటే చీర ముక్కను శాలువా లోపల చుట్టుకో. రెండు పలచటి పొరల మధ్య గాలి నిలిచి వెచ్చగా ఉంచుతుంది.

కొన్నిటికి మాత్రం రెండో పని పెట్టొద్దు. నెలసరి గుడ్డలు వేరే సంచీలో, వాటి పని వాటిదే. ఉతికి తప్పకుండా ఎండలో ఆరెయ్యి, సిగ్గుపడి చాటున ఆరేసుకుంటే ఇన్ఫెక్షన్లు రావచ్చు. కాశీలో ఎండ లేని రోజులుంటాయి గనక ఆ ఊళ్లకి ప్యాడ్లు కొనుక్కో. మందులు వాటి అట్టల్లోనే ఉండాలి, స్థలం కలిసొస్తుందని ఒకే డబ్బాలో పొయ్యొద్దు.

అన్నిటికంటే జాగ్రత్త ఫోన్‌తో. టికెట్టు, మ్యాపు, డబ్బులు, టార్చి, అలారం, నా నంబరు, మీ అమ్మ నంబరు, అన్నీ దాన్లోనే. ఇన్ని పనులు ఒక్కదాని మీద వేశాక అది నీళ్లలో పడితేనో పోతేనో ఒక్కసారే అన్నీ పోతాయి. చీర చిరిగితే తువ్వాలు ఆదుకుంటుంది, ఫోన్ పనులకి ఆదుకునేది ఏదీ లేదు. అందుకని చిన్న టార్చి, ఆధార్ జిరాక్సు, నంబర్లు రాసిన కాగితం, కొంత రొక్కం ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరును కుర్తా లోపలి జేబులో పిన్నీసుతో గుచ్చుకో. బరువు పెరిగినా సరే, ఇవి తగ్గించొద్దు.

వచ్చే శని, ఆదివారాలు ఎక్కడికీ పోకుండా ఆ బ్యాగులో సామానుతోనే నీ గదిలో గడిపి చూడు. నేల మీద చీర ముక్క పరుచుకుని పడుకో, ఒక్క సబ్బుతో ఉతుక్కో, మెలి తాడు మీద ఆరెయ్యి. ఏ వస్తువు కోసం అల్మారా తెరవాల్సి వచ్చిందో, అప్పుడు టైమెంతైందో కాగితం మీద రాసిపెట్టి నాకు ఫోటో పంపు. దాన్నిబట్టి ఏం చేర్చాలో ఇద్దరం ఫోన్‌లో మాట్లాడుకుందాం. చీర నువ్వు కొనకు, నా దగ్గర మెత్తబడ్డది ఉంది. సోమవారం కొరియర్ చేస్తాను, పిన్నీసులు కూడా అందులోనే పెడతాను.

మీ పెద్దమ్మ