చివాయ్‌కి ఒక్క రోజు చాలదు, కనీసం మూడు రాత్రులు ఉండండి

పెరూలోని అరెకీపా నుంచి తెల్లవారుజామున బయలుదేరి, చివాయ్ అనే కొండ ఊరి మీదుగా కోల్కా లోయకు వెళ్లి, కాండోర్ అనే పెద్ద రాబందు పక్షులను చూసి అదే సాయంత్రం తిరిగి రావచ్చా, అరవై దాటిన తల్లిదండ్రులు ఆ ఎత్తును తట్టుకోగలరా అని అడిగారు. రావచ్చు, రోజూ ఎన్నో బస్సుల జనం అలాగే వెళ్లి వస్తున్నారు. అయినా అలా వెళ్లవద్దనే నేను చెబుతాను. తల్లిదండ్రుల విషయానికి వస్తే, వారికంటే ముందు మీరు జాగ్రత్త పడాలన్నది 2019 ఆగస్టులో నాకు అనుభవంలోకి వచ్చిన సంగతి.

అప్పుడు నాకు 39 ఏళ్లు, మా బాపుకు 68. నేను డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాను, రోజూ పొద్దున ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తే అలవాటు ఉంది. బాపు సిద్దిపేట దగ్గరి పల్లెలో వ్యవసాయం చేస్తూ, చాలా ఏళ్లు ఊరి చెరువుకు నీరటిగా పనిచేశారు. తూము తీయడం, ఎవరి మడికి ఎప్పుడు ఎంత నీరు పారాలో చూడడం, తగాదా వస్తే గట్టు మీద నిలబడి తీర్చడం ఆయన పని. కట్ట మీద ఎంత నిదానంగా నడిచేవారో ప్రపంచంలో ఎక్కడైనా అంతే నిదానంగా నడుస్తారు. ఆ ఏడాది మా దగ్గరికి వచ్చినప్పుడు ఆయనను పెరూ తీసుకువెళ్లాను.

నాకు దొరికిన సెలవు తక్కువ. లీమాలో దిగిన మర్నాడే విమానంలో అరెకీపా చేరుకున్నాము. అక్కడ ఒక్క రాత్రి మాత్రమే పడుకుని, తెల్లవారగానే చివాయ్ వ్యాన్ ఎక్కాము. లీమా సముద్రపు ఒడ్డున ఉంది, అరెకీపా ఎత్తు 2,335 మీటర్లు, చివాయ్ ఎత్తు 3,635 మీటర్లు. ఈ మూడు అంకెలను చూసి, మెట్టు మీద మెట్టుగానే ఎక్కుతున్నాము కదా అని నిశ్చింతగా ఉన్నాను. అయితే అరెకీపాకూ చివాయ్‌కీ నడుమ ఉన్న దాదాపు 160 కిలోమీటర్ల దారి పటపంపా అనే కనుమ దగ్గర 4,910 మీటర్లకు ఎక్కి, అక్కడి నుంచి చివాయ్‌కి దిగుతుంది. మాకు టికెట్లు అమ్మినవారు ఆ అంకె చెప్పలేదు, కోకా మిఠాయి చప్పరిస్తూ కూర్చుంటే ఏమీ కాదని మాత్రం చెప్పారు. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి పడిపోయి, ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు సముద్రమట్టంలో అందేదానిలో సగానికి కొంచెం పైన మాత్రమే ఉంటుంది. దాన్ని మిఠాయి పూడ్చదు. ప్రయాణికుడి ఆరోగ్యానికి సంబంధించిన ఇంత ముఖ్యమైన సంగతిని దాచి టికెట్లు అమ్మడం తప్పని నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతున్నాను.

కనుమ దగ్గర వ్యాన్‌ను పావుగంట ఆపారు. చెట్టు చేమ లేని ఆ బూడిదరంగు నేల మీద, దాటిపోయేవారు పేర్చిన చిన్న చిన్న రాళ్ల గుట్టలు ఎటు చూసినా కనిపించాయి. అపాచెత అని పిలిచే ఆ గుట్ట మీద, క్షేమంగా దాటించమని కొండలకు మొక్కి ఒక రాయి పెట్టడం ఆండీస్‌లో పాత ఆచారం. దూరంగా బూడిద పొగ చిమ్ముతున్న సబంకాయా అగ్నిపర్వతం, దాని పక్కనే మంచు కప్పుకున్న 6,288 మీటర్ల అంపాటో కనిపించాయి. 1995లో అంపాటో శిఖరం దగ్గర దొరికిన, ఇంకా సామ్రాజ్యం నాటి బాలిక దేహాన్ని ముందురోజు సాయంత్రమే అరెకీపా మ్యూజియంలో చూసి ఉన్నందువల్ల, ఆ కొండను అడ్డం లేకుండా ఫొటో తీయాలన్న ఆత్రంతో నేను వంద గజాలు పరుగెత్తాను. బాపు వెనుక నుంచి, "ఎందుకురా ఉరుకుడు? ఆ గుట్ట యాడికి పోతది?" అన్నారు. ఆయన మాత్రం వ్యాన్ పక్కనే ఒక రాయి ఏరి, గుట్ట మీద పెట్టి, వచ్చి కూర్చున్నారు.

చివాయ్ చేరేసరికే నా తల పగిలిపోతోంది. రాత్రి భోజనానికి ఇచ్చిన కీన్వా చారు రెండు గుటకలు తాగగానే వాంతి అయింది. పడుకుంటే నిద్ర పట్టీ పట్టకముందే ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేవాణ్ని. నిద్రలో శ్వాస కొన్ని క్షణాలు నిలిచి, తరువాత గబగబా రావడం ఆ ఎత్తుకు కొత్తవారిలో మామూలేనని నాకు అప్పుడు తెలియదు. రాత్రి రెండు గంటలకు కళ్లు తెరిచి చూస్తే బాపు నా మంచం పట్టె మీద కూర్చుని, నా ఛాతీ మీద చేయి వేసి, ఊపిరి పోయి రావడాన్ని లెక్కబెడుతున్నారు. నేను ఇక ఉండలేనని, ఎంత డబ్బయినా ఇచ్చి కారు మాట్లాడుకుని ఇప్పుడే అరెకీపా దిగిపోదామని అన్నాను. ఆ మాటలకు లేచి వచ్చిన ఇంటి యజమానురాలు, డెబ్బై ఏళ్ల పెద్దావిడ, నాకు వచ్చిన కొద్దిపాటి స్పానిష్‌లో అర్థమయ్యేలా నెమ్మదిగా ఒక్కటే చెప్పారు: అరెకీపా దిగాలంటే ముందు పటపంపా ఎక్కాలి.

ఎత్తు పడకపోతే కిందికి దిగమని అన్నిచోట్లా చెబుతారు, అది సరైన సలహా కూడా. అయితే చివాయ్ నుంచి అరెకీపా దారిలో దిగడానికి ముందు దాదాపు 1,275 మీటర్లు ఎక్కవలసి ఉంటుంది. ఈ ఒక్క విషయం ముందే తెలిసి ఉంటే నేను అరెకీపాలో మూడు రాత్రులు ఆగి ఉండేవాణ్ని.

ఆవిడ బల్ల సొరుగులోంచి వేలికి తగిలించి రక్తంలో ప్రాణవాయువు శాతం చూసే ఆక్సిమీటర్ తీసి పెట్టి చూశారు. నాకు 76 వచ్చింది, బాపుకు 88 వచ్చింది. ఊరి ఆరోగ్య కేంద్రం దగ్గరే ఉండడంతో ఆవిడ కొడుకు మమ్మల్ని అక్కడికి తీసుకువెళ్లాడు. రెండు గంటలు ఆక్సిజన్ పెట్టి, తెల్లవారేలోగా మాట తడబడినా, కూర్చున్నచోటనే ఆయాసం పెరిగినా ఆక్సిజన్‌తోనే అంబులెన్సులో అరెకీపా పంపుతామని నర్సు చెప్పింది. అంతదూరం రాలేదు. తెల్లవారేసరికి తలనొప్పి సగానికి తగ్గింది.

వ్యాయామం చేసే అలవాటు ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బు నుంచి కాపాడదు, అది ఎవరికి వస్తుందో ముందుగా చెప్పడం కష్టమని వైద్యులే అంటారు. నేను ఇంకొక అడుగు ముందుకు వేసి చెబుతాను: అక్కడ ప్రమాదం వయసులో లేదు, తొందరలో ఉంది. ఒక్క కుటుంబం అనుభవంతో ఇంత గట్టిగా చెప్పవచ్చా అని మీకు అనిపించవచ్చు, కానీ ఆ రాత్రి పరుగెత్తినవాడు మంచాన పడ్డాడు, నిదానంగా నడిచినాయన పక్కన కూర్చుని కాపలా కాశారు. మీ తల్లిదండ్రులకు గుండె జబ్బుగానీ ఊపిరితిత్తుల జబ్బుగానీ ఉంటే మాత్రం నా మాట మీద ఆధారపడకండి, బయలుదేరే ముందు వైద్యుణ్ని అడిగి, ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే ఎసిటజోలమైడ్ మాత్రలు వాడవచ్చో లేదో కూడా తెలుసుకోండి.

ఆ మర్నాడు అనుకున్న కాండోర్ ప్రయాణం మానుకుని చివాయ్‌లోనే ఉండిపోయాము. ఆ ఊరు మాకు దక్కింది అలా. మధ్యాహ్నం బాపు తనతో తెచ్చుకున్న కందిపప్పు వండుకుందామని ఆ ఇంటి వంటగదిలో కుండ పెట్టించారు. గంటన్నర ఉడికినా పప్పు బద్ద అలాగే ఉంది, ఎందుకంటే అంత ఎత్తులో నీళ్లు సుమారు 88 డిగ్రీలకే మరిగిపోతాయి, అంతకంటే వేడెక్కవు. పెద్దావిడ నవ్వి, పై అర నుంచి ప్రెషర్ కుక్కర్ దించారు. అక్కడ అది లేకుండా ఇల్లు గడవదట. ఆ పూట బాపు కుక్కర్ పప్పు, అన్నం, మామిడికాయ తొక్కుతో భోంచేశారు, నేను కొంచెం మజ్జిగలాంటి గంజి మాత్రం తాగాను. సాయంత్రం బజారులో ఆడవాళ్లలో కొందరు రిబ్బను చుట్టిన తెల్లని గడ్డి టోపీలు, మరికొందరు రంగుదారాలతో కుట్టుపని నిండిన టోపీలు పెట్టుకోవడం చూసి బాపు కారణం అడిగారు. ఆ లోయలో రెండు జాతులవారు ఉన్నారని, తెల్ల టోపీలు ఎగువ ఊళ్ల కొయాగ్వాలవి, కుట్టుపని టోపీలు దిగువన ఉన్న కబానాలవి అని ఆవిడ చెప్పాక, ఆయన దారి పొడవునా ఎవరు ఏ వైపువారో గుర్తుపడుతూ నడిచారు.

మూడో రోజు పది కిలోమీటర్ల లోపే ఉన్న యాంకేకి వెళ్లాము. నది నుంచి కొండ నడుము దాకా మెట్లు మెట్లుగా పొలాలు ఉన్నాయి, వాటిలో చాలా భాగం ఇంకాల కంటే ముందే కొయాగ్వాలు కట్టినవి. ఆగస్టు నెల కాబట్టి విత్తనాలకు ముందు నేలను తడుపుతున్నారు. బాపు మొదట చూసింది గోడలను. ఒక మడి నుంచి పై మడికి ఎక్కడానికి రాతి గోడలోంచే పొడుగు రాళ్లను బయటకు పొడుచుకు వచ్చేలా పెట్టారు, అందువల్ల మెట్ల కోసం జానెడు నేల కూడా పోలేదు. ఆ తరువాత నీరు కడుతున్న ఒక ముసలాయన దగ్గర గంటకు పైగా నిలబడిపోయారు. ఆయన పారతో గడ్డిపెళ్ల తీసి గండి తెరవడం, మడి తడవగానే అదే పెళ్లను కాలితో తొక్కి మూయడం చూసి, "మంచిగ కడుతున్నడు, నీళ్లు ఉరుకనిస్తలేడు" అన్నారు. బాపు నోట ఒకరి పనికి వచ్చిన ఆ మెచ్చుకోలు ఎంత అరుదైనదో నాకు తెలుసు.

ఎవరికి ఎప్పుడు నీరు ఇవ్వాలో చూసే మనిషిని యాంకేలో రెగిదోర్ అంటారని, మా ఊళ్లోలాగా అది ఒక ఇంటికి వంశపారంపర్యంగా వచ్చే పని కాదని, ఊరివారు వంతుల ప్రకారం మోసే బాధ్యత అని ఆ రాత్రి పెద్దావిడ చెప్పారు. బాపు దాని గురించి చాలాసేపు ఆలోచించి, అలా వంతులు వేసుకుంటే నీరటి కష్టం ఊరందరికీ తెలుస్తుందని, అదే మంచి పద్ధతని అన్నారు. ఆ లోయలో నీటి విలువ తెలియాలంటే 1983 సంగతి ఒక్కటి చాలు. కోల్కా నీటిని కొండలను తొలిచిన సొరంగాల గుండా దూరాన ఉన్న మహెస్ ఎడారి భూములకు తరలించే పెద్ద కాలువ కబనకొండే ఊరి పైనుంచే పోతున్నా, కరువులో ఎండిపోతున్న ఆ ఊరి పొలాలకు ఒక్క చుక్క ఇవ్వలేదు. ఊరివారు పదకొండు మంది వెళ్లి కాలువకు గండి కొట్టారు. ఆ తరువాతే వారికి నీటి వాటా దక్కింది. తమ పొలం పక్క నుంచి పారే నీరు ఇంకెక్కడికో పోవడాన్ని చూసిన రైతులు మన దగ్గరా ఉన్నారు. తెల్లవారుజాము బస్సులో వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయేవారికి ఈ కథ చెప్పేంత తీరిక ఆ ఊరికి ఎక్కడిది?

కాండోర్‌లను నాలుగో రోజు చూశాము. ఎండ వేడికి లోయలోంచి గాలి పైకి లేచే వేళ, ఉదయం ఎనిమిది, పది గంటల మధ్య, సుమారు మూడు మీటర్ల రెక్కలు చాచి ఒక్కసారీ ఆడించకుండా మన కంటి ముందుకు తేలివస్తాయి. అద్భుతమే, కాదనను. అయితే దారిలోని ఊళ్లలో కాళ్లకు తాడు కట్టిన గద్దను భుజం మీద పెట్టి ఫొటోకు డబ్బు అడుగుతారు, దయచేసి ఇవ్వకండి. ఆకాశంలో ఎగిరే పక్షిని చూడడానికి అంత దూరం వెళ్లి, కట్టేసిన పక్షికి డబ్బు ఇవ్వడం సరికాదు.

కాబట్టి మీరు అరెకీపాలో మూడు రాత్రులు, చివాయ్‌లోగానీ యాంకేలోగానీ మూడు రాత్రులు ఉండేలా ఏర్పాటు చేసుకోండి. పటపంపా దగ్గర వ్యాన్ దిగినా నాలుగు అడుగులకు మించి వేయకండి. చివాయ్ పక్కనున్న లా కలేరా వేడినీటి కొలనులకు మొదటి సాయంత్రమే వెళ్లవద్దు, ఒక రోజు గడిచాక వెళ్లండి. కోకా ఆకుల టీ అక్కడ చట్టబద్ధమే, పెద్దలకు నచ్చుతుంది కూడా, కానీ తాగిన తరువాత కొన్ని రోజులపాటు మూత్ర పరీక్షలో కొకైన్ కనిపించవచ్చు. ఉద్యోగంలో అలాంటి పరీక్షలు ఉన్నవారు దాన్ని ముట్టుకోకుండా పుదీనాలాంటి మున్యా ఆకుల టీ అడగండి. కోకా ఆకులు, టీ పొట్లాలు ఇండియాకు గానీ అమెరికాకు గానీ తేవడం నేరం. జూన్ నుంచి ఆగస్టు దాకా ఆకాశం తేటగా ఉంటుంది, కానీ రాత్రి నీళ్లు గడ్డకట్టేంత చలి ఉంటుంది, చిన్న వసతి గృహాల్లో గది వెచ్చబెట్టే ఏర్పాటు చాలాచోట్ల ఉండదు. గది తీసుకునే ముందు దుప్పట్లు ఎన్ని ఇస్తారో, ఆక్సిమీటర్ ఉందో లేదో అడగండి.