రాత్రి తిన్నది ఉదయానికి గుర్తుండటం లేదు

ప్రశ్న: నా వయసు 44. తిరుపతిలో ఉంటాం. నిద్ర పట్టక కొన్ని నెలలుగా జోల్పిడెమ్ 10 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను. ఈమధ్య పొద్దున లేచేసరికి వంటగది చిందరవందరగా ఉంటోంది. ఇడ్లీ పిండి గిన్నె సగం ఖాళీ, ఊరగాయ జాడీ మూత తీసి ఉంటుంది. తిన్నది నేనేనని ఇంట్లోవాళ్లు అంటున్నారు. నాకేమీ గుర్తుండదు. బరువు తగ్గాలని రాత్రి భోజనం మానేసినా పెరుగుతూనే ఉన్నాను. అత్తగారు తాయెత్తు కట్టించారు. ఏం చేయాలి?
- ఒక గృహిణి

జవాబు: అమ్మా, మీరు దొంగతనంగా తినడం లేదు. గాలీ ధూళీ సోకలేదు. మీరు రాసినదాన్ని బట్టి ఇది నిద్రలో తినే జబ్బు కావచ్చు. నిద్రలో నడిచే జబ్బు లాంటిదే ఇదీ. మెదడులో కొంత భాగం గాఢనిద్రలో ఉండగానే మనిషి లేచి తిరుగుతారు. అందుకే పచ్చిపిండి అని తెలియదు, తెల్లవారితే జ్ఞాపకమూ ఉండదు.

నా అనుమానమంతా ఆ మాత్ర మీదే. జోల్పిడెమ్ వేసుకున్న కొందరు నిద్రలోనే నడుస్తారు, వండుకుని తింటారు, వాహనం కూడా నడుపుతారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో దీనిపై అత్యంత తీవ్రమైన హెచ్చరిక ముద్రించమంది. స్త్రీల శరీరం నుంచి ఈ మందు నెమ్మదిగా పోతుందని 2013లోనే వారికి మొదటి మోతాదును 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించింది. ఈ మాత్ర మీకిక వద్దు. అయితే నెలల తరబడి వాడినదాన్ని సొంతంగా ఒక్కసారిగా మానితే నిద్ర మరింత కరువవుతుంది, ఎక్కువ మోతాదు వాడినవారికి ఫిట్స్ కూడా రావచ్చు. అందుకే ఈ రాత్రి మాత్ర సంగతి ఇవాళే డాక్టర్‌తో తేల్చుకోండి. రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లవచ్చు. వెంటనే వెళ్లలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

మాత్ర ఆపాక కూడా ఇలాగే ఉంటే వేరే కారణాలు వెతకాలి. సాయంత్రమయ్యేసరికి కాళ్లు కదిలించకుండా ఉండలేకపోతున్నారా? అయితే రక్తంలో ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను తెలిపే పరీక్ష) చూడాలి, ఇనుము తక్కువైతే భర్తీ చేయాలి. గట్టిగా గురక వస్తే నిద్ర పరీక్ష అవసరం. కొందరికి టోపిరమేట్ అనే మందు పనిచేస్తుంది, దాన్ని డాక్టర్ రాస్తేనే వాడాలి.

ఒకవేళ రాత్రి లేచి తింటున్నట్టు మీకు తెలుస్తూ, తినకపోతే నిద్ర రాదనిపిస్తుంటే అది వేరే జబ్బు. 1955లో స్టంకార్డ్ అనే అమెరికన్ వైద్యుడు దాన్ని మొదట వివరించారు. దానికి కౌన్సెలింగ్, సెర్ట్రలిన్ వంటి మందులు వాడతాం. అందుకే మీకు గుర్తుంటోందా లేదా అన్నది డాక్టర్‌కు తప్పక చెప్పండి.

రాత్రి భోజనం మళ్లీ మొదలుపెట్టండి. శనివారం ఒక్కపొద్దు ఉంటే అదీ కొంతకాలం ఆపండి, ఆకలితో పడుకోవడం మీకిప్పుడు మంచిది కాదు. నిద్ర కోసం రోజూ ఒకే వేళకు లేవండి, పగటి నిద్ర మానండి. నిద్రలేమికి మాత్రల కన్నా ముందు ప్రయత్నించవలసింది ప్రత్యేకమైన కౌన్సెలింగే.

ఇంట్లోవారికి నా విన్నపం: రాత్రిపూట గ్యాస్ సిలిండర్ దగ్గరే ఆపేయండి, కత్తులు తీసి దాచండి, వంటగదికి తాళం వేయండి. స్కూటర్ తాళంచెవి కూడా అందుబాటులో ఉంచకండి. ఆమె నిద్రలో లేస్తే కేకలు వేయకుండా, మెల్లగా పక్కమీదికి తీసుకెళ్లండి. ఏ రాత్రి ఏ వేళకు లేచారో, ఏం తిన్నారో రాసిపెట్టి, ఆ కాగితాన్ని, వాడుతున్న మందులన్నిటినీ డాక్టర్‌కు చూపించండి.