ఆస్తమా ఉన్నవాళ్లు మందు తాగితే...

ప్రశ్న: వయసు 34. చిన్నప్పటి నుంచి ఆస్తమా, రోజూ ఇన్హేలర్ వాడుతున్నాను. విస్కీతో ఎప్పుడూ ఇబ్బంది లేదు. కానీ రెడ్ వైన్ తాగిన రెండుసార్లూ అరగంటలోపే ఛాతీ పట్టేసి పిల్లికూతలు వచ్చాయి. ఎందుకు?
– విశాఖపట్నం పాఠకుడు

జవాబు: ఆస్తమా వాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది వైనే. అందులో ఇద్దరు అనుమానితులు. మొదటిది, పాడవకుండా కలిపే సల్ఫైట్లు. వీటి నుంచి సల్ఫర్ డయాక్సైడ్ వాయువు వెలువడుతుంది. గుటక వేసేటప్పుడు అది శ్వాసతోపాటు లోపలికి వెళ్తే సున్నితమైన గాలిగొట్టాలు ముడుచుకుంటాయి. రెండోది, ద్రాక్షరసం పులిసేటప్పుడు తయారయ్యే హిస్టమిన్. ఇది సాధారణంగా రెడ్ వైన్‌లో ఎక్కువ.

ఏది కారణమో ఇంట్లోనే కొంత పసిగట్టవచ్చు. సీసా నిమ్మరసం, పండ్ల స్క్వాష్, బంగారు రంగులో మెరిసే ఎండు ఆప్రికాట్లు తిన్నప్పుడు కూడా పిల్లికూతలు వస్తున్నాయా? వస్తుంటే సల్ఫైట్లనే ముందు అనుమానించాలి. లేబుల్ మీద 220 నుంచి 228 దాకా నంబర్లు ఇవే. అలా కాక వైన్‌తో ముఖం ఎర్రబడి, ముక్కు మూసుకుపోయి, దురద కూడా ఉంటే హిస్టమిన్ వైపు మొగ్గవచ్చు. నిర్ధారించుకోవడానికి ఇంట్లో మళ్లీ తాగి చూడకండి. ఆ పరీక్ష ఆసుపత్రిలోనే జరగాలి.

విస్కీ బట్టీలో కాచి, ఆవిరి పట్టి తీసిన సరుకు కాబట్టి ఈ రెండూ అందులో దాదాపు ఉండవు. అయినా దానికి పూర్తి మార్కులు వేయలేం. ఆల్కహాలు అన్నవాహిక చివరి కవాటాన్ని వదులు చేస్తుంది. పైన సోడా, కారం పల్లీలు, పదకొండింటికి బిర్యానీ, వెంటనే పడక. అర్ధరాత్రి దాటాక ఆమ్లం పైకి తన్ని దగ్గు, ఆయాసం మొదలవుతాయి. అప్పటికి గ్లాసు సంగతి ఎవరికీ గుర్తుండదు. పడుకోవడానికి, భోజనానికి మధ్య మూడు గంటలు ఉండాలి.

ఇంకో మాట. బీరైనా విస్కీయైనా, ఏది కొంచెం తాగినా ముక్కు దిబ్బడ, ఆయాసం వస్తుంటే, వాసన తెలియకపోవడం, ముక్కులో పాలిప్స్ (మెత్తటి కండలు) కూడా ఉంటే, ఆస్పిరిన్ పడని ఆస్తమా అయి ఉండవచ్చు. ఇలాంటివాళ్లు మర్నాడు తలనొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే ఛాతీ వైద్యుణ్ణి కలవండి.

ప్రశ్న: మా ఆయనకు దమ్ము (ఆస్తమా) ఉంది. డెరిఫిల్లిన్, రాత్రికి మాంటెలుకాస్ట్–లెవోసెట్రిజిన్ వేసుకుంటాడు. సాయంత్రం కల్లు మానడు. బీడీలు కూడా తాగుతాడు. ప్రమాదమా?
– నల్లగొండ జిల్లా పాఠకురాలు

జవాబు: ప్రమాదమేనమ్మా. డెరిఫిల్లిన్‌లో ఉండే థియోఫిల్లిన్‌కు సరిపోయే మోతాదుకూ, విషమయ్యే మోతాదుకూ మధ్య తేడా చాలా తక్కువ. దాన్ని బయటికి పంపేది కాలేయం. బాగా తాగితే ఆ పని మందగించి, మర్నాటి దాకా మందు రక్తంలో పేరుకుంటుంది. వాంతులు, చేతుల వణుకు, గుండెదడ, ముదిరితే ఫిట్స్. చూసేవాళ్లు తాగింది ఎక్కువైందనుకుంటారు. బీడీ పొగ దీనికి తలకిందులు, మందును త్వరగా ఖర్చు చేసేస్తుంది. అందుకే బీడీ మానేసినప్పుడు కూడా డాక్టరుకు చెప్పి మోతాదు సరిచూసుకోవాలి. మానడం మాత్రం మంచిదే. లెవోసెట్రిజిన్ అసలే నిద్ర తెస్తుంది, కల్లుతో ఆ మత్తు రెట్టింపు.

తాటిచెట్టు నుంచి దించిన కల్లు ఒకటైతే, కల్లు కాంపౌండులో దొరికే కల్తీ కల్లు వేరు. అందులో క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రజోలామ్ కలుపుతున్నట్టు ఎన్నోసార్లు బయటపడింది. ఇవి శ్వాసను అణిచేస్తాయి. ఆయాసం వచ్చిన మనిషికి మత్తుమందు పడకూడదన్నది వైద్యంలో మొదటి పాఠం. అయితే అలవాటు పడ్డవాళ్లకు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్, పిచ్చిచేష్టలు వస్తాయి. ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగంలో వైద్యుల పర్యవేక్షణలో మాన్పించండి.

ఆయాసం వస్తే పడుకోబెట్టకండి, నిటారుగా కూర్చోబెట్టండి. తాగిన మనిషి పంపు నొక్కడం, పీల్చడం ఒకేసారి చేయలేడు. ఇంట్లో స్పేసర్ (ఇన్హేలర్‌కు తగిలించే గొట్టంలాంటి డబ్బా) ఉంచుకోండి. సాల్బుటమాల్ (ఆయాసాన్ని వెంటనే తగ్గించే ఇన్హేలర్) ఒక్కో పఫ్ కొట్టి, స్పేసర్‌లోంచి నాలుగైదు శ్వాసలు తీయించండి. అలా నాలుగు పఫ్‌లు. ఇరవై నిమిషాల్లో తెరిపి రాకపోతే మళ్లీ నాలుగిచ్చి 108కి ఫోన్ చేయండి. మాట పూర్తి చేయలేకపోయినా, పెదాలు నీలంగా మారినా, మగతగా ఒరిగిపోతున్నా అసలు ఆగొద్దు. ఆ మగత కల్లుదని వదిలేసిన ఇళ్లలోనే ఆలస్యం జరుగుతుంది.

ప్రశ్న: ఆరేళ్ల బాబుకు ఆయాసం వస్తే వేడినీళ్లలో రెండు చెంచాల బ్రాందీ కలిపి పట్టమని అత్తయ్య అంటున్నారు. మంచిదేనా?
– గుంటూరు పాఠకురాలు

జవాబు: వద్దు. ఆల్కహాలుకు గాలిగొట్టాలను కాస్త వదులుచేసే గుణం ఉన్న మాట నిజమే. ఇన్హేలర్లు లేని 19వ శతాబ్దంలో ఇంగ్లండు వైద్యులు కూడా వాడారు. కానీ పిల్లల్లో కొద్దిపాటి ఆల్కహాలుతోనే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. గొంతుకు హాయినిచ్చేది వేడినీళ్లే, అవి పట్టండి. ఆయాసానికి మాత్రం డాక్టరు రాసిన ఇన్హేలర్‌ను స్పేసర్‌తో ఇవ్వండి. అత్తయ్య గారికి కూడా అది ఎలా వాడాలో ఒకసారి చేసి చూపించండి.