రివాల్వర్ లైసెన్సుతో తుంగభద్ర దాటే ముందు

మీరు అడిగినది ఇది: హైదరాబాదులో పొందిన లైసెన్సు మీద మీ దగ్గర .32 రివాల్వర్ ఒకటి ఉంది. వచ్చే నెల ఉద్యోగం బదిలీ మీద కుటుంబంతో కర్నూలుకు వస్తున్నారు. కాలిఫోర్నియాలో ఉంటున్న మీ అన్నగారు కొత్త చోటికి చేరిన 60 రోజుల్లోగా తుపాకీని రిజిస్టర్ చేయించాలని చెప్పారు. ఆ రిజిస్ట్రేషన్ కర్నూలులో ఏ పోలీస్ స్టేషన్‌లో చేస్తారో మీకు తెలియాలి. నేను 2016లో ఇదే దారిలో, ఇలాంటి రివాల్వర్‌తోనే స్వస్థలానికి తిరిగి వచ్చాను. అప్పుడు ఒక తప్పు చేయబోయి ఆగిపోయాను, మరొక తప్పు చేసి ఏడు నెలలు తిరిగాను. అందువల్ల కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మీ అన్నగారు చెప్పినది ఆయన ఉన్న చోటికి సంబంధించినంతవరకు నిజమే. కాలిఫోర్నియాలో కొత్తగా స్థిరపడినవారు తమ వెంట తెచ్చుకున్న తుపాకుల వివరాలను 60 రోజుల్లోగా ఆ రాష్ట్ర న్యాయశాఖకు తెలియజేయాలి. అమెరికాలో ఈ నియమాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. న్యూయార్క్ నగరంలోనైతే ఆ రాష్ట్రంలో ఇతర చోట్ల ఇచ్చిన లైసెన్సు కూడా మామూలుగా చెల్లదు. మన దగ్గర దేశమంతటికీ ఒకటే చట్టం, 1959 నాటి ఆయుధాల చట్టం. దాని కింద ఇప్పుడు అమలులో ఉన్నవి 2016 నాటి ఆయుధాల నియమాలు. ఇక్కడ తుపాకీకి విడిగా రిజిస్ట్రేషన్ అంటూ లేదు. లైసెన్సు మనిషికి ఇస్తారు, ఆయుధం రకం, బోరు (గొట్టం లోపలి కొలత), నంబరు ఆ లైసెన్సులోనే రాస్తారు. కనుక ఊరు మారినప్పుడు మీరు చేయించవలసినది తుపాకీ రిజిస్ట్రేషన్ కాదు, లైసెన్సులో చిరునామా మార్పు. గడువు కూడా 60 రోజులు కాదు, 30 రోజులే.

అయితే చిరునామా సంగతి రెండవది. మొదట మీ లైసెన్సులో అది ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో రాసిన చోటు తీసి చూడండి. ఆ మాట కొన్నిటిలో జిల్లా అని, కొన్నిటిలో రాష్ట్రం అని, కొద్దిమందికి భారతదేశమంతా అని ఉంటుంది. నేను 2011 డిసెంబరులో లైసెన్సు తీసుకున్నప్పుడు అక్కడ ఆంధ్రప్రదేశ్ అని ఉండేది. 2014 డిసెంబరులో రెన్యువల్ అయి వచ్చినప్పుడు అది తెలంగాణగా మారింది; నేను తేదీ చూసుకున్నానే గాని ఆ మాట చూసుకోలేదు. హైదరాబాదు నుంచి కర్నూలుకు నాలుగైదు గంటల కారు ప్రయాణమే కాబట్టి, పుట్టినప్పటి నుంచి ఒకే రాష్ట్రంగా తిరిగిన దారి కాబట్టి, అలంపురం చౌరస్తా దాటి తుంగభద్ర వంతెన ఎక్కితే మరొక రాష్ట్రంలోకి వెళ్తున్నామన్న స్పృహ మనకు సులభంగా కలగదు. లైసెన్సుకు మాత్రం ఆ వంతెన సరిహద్దే. సామాన్లు సర్దుకుంటున్న రోజుల్లో, రివాల్వర్‌కు కొత్త తోలు ఒర కొందామని లైసెన్సున్న ఒక ఆయుధాల డీలరు దగ్గరకు వెళ్ళాను. ఆ పెద్దాయన మాటల్లో నేను కర్నూలు వెళ్తున్నట్టు విని, లైసెన్సు అడిగి తీసుకుని, ఆ ఒక్క పదం మీద వేలు పెట్టి చూపించారు. ఒర అమ్ముకోవలసిన మనిషి, ఆ రోజు నాకు ఒర అమ్మలేదు.

ఆయన సలహా మీదే రివాల్వర్‌ను, తూటాలను ఆయన దగ్గరే భద్రతకు అప్పగించి, ఆయుధం నంబరు, రౌండ్ల సంఖ్య రాసిన రశీదు తీసుకున్నాను. నేను సెప్టెంబరులో కర్నూలు చేరాను, రివాల్వర్ హైదరాబాదులోనే ఉండిపోయింది. లైసెన్సు ఇచ్చిన చోటే ఆంధ్రప్రదేశ్‌ను కూడా చేర్చమని దరఖాస్తు పెట్టాను. అది చేరి వచ్చేసరికి 2017 జనవరి అయింది. ఫిబ్రవరిలో వెళ్ళి రివాల్వర్ తెచ్చుకున్నాను. మీకు వ్యవధి నెల రోజులే ఉంది కనుక ఆ దరఖాస్తు ఈ వారంలోనే పెట్టండి, అనుమతి వచ్చేలోపు ఆయుధం నది దాటకూడదు. డీలరుకు నెలనెలా కొంత అద్దె కట్టవలసి రావచ్చు, అది కట్టడమే నయం.

ఇక నేను చేసిన తప్పు. నివాసం మారి ఆయుధాన్ని వెంట తెచ్చుకున్నవారు 30 రోజుల్లోగా రెండు చోట్లకు రాతపూర్వకంగా తెలియజేయాలి: కొత్త చోటి లైసెన్సింగ్ అధికారికి ఒకటి, లైసెన్సు ఇచ్చిన లేక చివరిసారి రెన్యువల్ చేసిన అధికారికి ఒకటి. కొత్త చోట అడిగిన వెంటనే లైసెన్సును, ఆయుధాన్ని చూపించి కొత్త చిరునామా రాయించుకోవాలి. నేను కర్నూలులో మాత్రమే ఉత్తరం ఇచ్చాను. ప్రాంతం పెంచమని పాత చోట దరఖాస్తు పెట్టినవాడినే కదా, నేను కర్నూలు వస్తున్నానని వాళ్ళకు తెలియకుండా ఎలా ఉంటుందని నా ధీమా. ప్రాంతం పెంచడం వేరు, నివాసం మారడం వేరు. మొదటి కాగితం రెండవదానికి బదులు కాదు. ఇక్కడి నుంచి రికార్డు కోసం అక్కడికి రాసినప్పుడు, ఈ లైసెన్సుదారు ఇంకా మా పరిధిలోని చిరునామాలోనే ఉన్నాడని జవాబు వచ్చింది, దానితో ఫైలు ఆగిపోయింది. తప్పు నాదే కనుక ఎవరినీ అనలేకపోయాను. ఆలస్యానికి కారణం రాసి, పాత చోట ఉత్తరం ఇచ్చి, స్వీకరించినట్టు ముద్ర వేయించుకుని, ఆ ప్రతిని ఇక్కడ జత చేశాక గాని పని కదలలేదు. చిరునామా ఎక్కేసరికి అక్టోబరు, డిసెంబరులో నా లైసెన్సు గడువు తీరిపోతుంది. ఆ రెండు నెలలు కూడా జారిపోయి ఉంటే రివాల్వర్‌ను మళ్ళీ అప్పగించవలసి వచ్చేది, ఎందుకంటే గడువు తీరిన లైసెన్సుతో ఆయుధం ఇంట్లో ఉంచుకోవడం లైసెన్సు లేకుండా ఉంచుకోవడమే. 2019 సవరణ తరువాత ఆ నేరానికి శిక్ష రెండు నుంచి ఐదేళ్ళ జైలు.

ఏ పోలీస్ స్టేషన్ అని అడిగారు. హైదరాబాదులో లైసెన్సు ఇచ్చేది పోలీస్ కమిషనర్ కనుక ఆ ప్రశ్న సహజమే. కర్నూలులో కమిషనరేట్ లేదు. ఇక్కడ లైసెన్సింగ్ అధికారి జిల్లా మెజిస్ట్రేట్ హోదాలో కలెక్టరు. ఉత్తరం కలెక్టరేట్‌లో ఇవ్వాలి. విచారణ మాత్రం పోలీసులదే, దాని నివేదిక కలెక్టరేట్‌కు వెళ్తుంది. ఇక్కడ ఇంకొక మెలిక ఉంది. 2022 ఏప్రిల్ 4న పాత కర్నూలు జిల్లా రెండైంది. ఉద్యోగం కర్నూలులో చేస్తూ అద్దె ఇల్లు డోన్‌లోనో పాణ్యంలోనో తీసుకుంటే మీరు నంద్యాల జిల్లా వారవుతారు, ఉత్తరం నంద్యాల కలెక్టరేట్‌కు వెళ్ళాలి. కార్యాలయం ఎక్కడన్నది కాదు, పడుకునే ఇల్లు ఎక్కడన్నదే లెక్క.

విచారణకు వచ్చినప్పుడు కొంచెం ఎక్కువ ప్రశ్నలు అడిగితే నొచ్చుకోకండి. మన సీమలో తుపాకీ అన్న మాటకు ఉన్న పాత అర్థాలు అందరికీ తెలిసినవే. ఊళ్ళో ఎవరితోనైనా భూమి తగాదా ఉందా, ఏ కేసులోనైనా పేరుందా, బంధువులలో ఎవరికి లైసెన్సు ఉంది అని నన్ను అడిగారు, పక్కింటివారిని కూడా అడిగారు. అన్నిటికంటే ముఖ్యంగా, ఇక్కడ మీకు ఆయుధం అవసరం ఏమిటని అడుగుతారు. నేను నగల వ్యాపారం చేసేవాణ్ణి, ఇక్కడా అదే చేస్తున్నాను కనుక నాకు జవాబు సులువైంది. మీరు హైదరాబాదులో ఏ కారణం చూపి లైసెన్సు పొందారో ఆ కారణం కర్నూలులోనూ నిలుస్తుందా అని ముందే ఆలోచించుకోండి. నిలవదనిపిస్తే, లైసెన్సున్న మరొకరికో డీలరుకో పద్ధతి ప్రకారం అమ్మేయడం కూడా ఒక దారి. పరువు తక్కువ పని అనుకోనక్కరలేదు.

మిగిలినవి చిన్న విషయాలు. లైసెన్సు మీద యూఐఎన్ అనే ప్రత్యేక గుర్తింపు నంబరు ఉందో లేదో చూసుకోండి, అది లేని లైసెన్సు చెల్లదు. ఒక మనిషికి ఇప్పుడు రెండు ఆయుధాలకు మించి ఉండరాదు. ప్రయాణంలో రివాల్వర్ పూర్తిగా ఒరలోనే ఉండాలి, బయటికి కనబడకూడదు. పెళ్ళి ఊరేగింపులో సరదాకు గాలిలోకి కాల్చినా రెండేళ్ళ వరకు జైలో, లక్ష వరకు జరిమానానో, రెండూనో పడవచ్చు. ఇంట్లో తాళం వేసే గట్టి పెట్టె కావాలి, అద్దె ఇల్లయితే దానిని గోడకు బిగించేందుకు ఓనరు ఒప్పుకుంటారో లేదో ముందే అడగండి.

స్టేషన్‌తో మీకు నేరుగా పని పడేది ఎన్నికలప్పుడు. కోడ్ రాగానే ఆయుధం అప్పగించమని నోటీసు వస్తుంది. ఇక్కడ మినహాయింపు దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. 2019లో పోలింగ్ ఏప్రిల్ 11న అయిపోయినా లెక్కింపు మే 23న గాని జరగలేదు, అంతవరకూ నా రివాల్వర్ స్టేషన్‌లోనే ఉంది. తెచ్చుకునేటప్పటికి గొట్టం లోపల సన్నగా తుప్పు పట్టింది. 2024లో తూటాలన్నీ తీసి, శుభ్రంగా తుడిచి, నూనె పట్టించి, నంబరుతో పాటు రౌండ్ల లెక్క, ఆయుధం ఉన్న స్థితి కూడా రశీదులో రాయించుకుని ఇచ్చాను. ఈసారి ఇచ్చినది ఇచ్చినట్టే తిరిగి వచ్చింది.