కోలుకున్న అబ్బాయి మళ్ళీ బ్యాట్ పట్టుకుంటానంటే: ఫ్రిస్కో నుంచి ఒక తండ్రి ప్రశ్న

ప్రశ్న: మేము డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాము. మా అబ్బాయికి 17 ఏళ్ళు, పదకొండో తరగతి. బేస్‌బాల్‌లో మంచి బ్యాటర్. పోయిన ఏడాది వరకు వాడి ఆట చూడడానికి ప్రతిభ వెతికే స్కౌట్లు వచ్చేవారు. నడుము నొప్పికి మొదలుపెట్టిన మాత్రలు అలవాటుగా మారడంతో స్కూలు జట్టు నుంచి తీసేశారు. ఎనిమిది నెలల చికిత్స తరువాత ఇప్పుడు బాగానే ఉన్నాడు, మళ్ళీ ఆడతానంటున్నాడు. ఫ్లోరిడాలో ఒక రెసిడెన్షియల్ బేస్‌బాల్ అకాడమీలో చేర్చమని తెలిసినవాళ్ళంతా చెబుతున్నారు. రెండేళ్ళ జూనియర్ కాలేజీ దారి కూడా ఉందంటున్నారు. లేకపోతే ఆట పూర్తిగా మానిపించి కంప్యూటర్ సైన్స్ వైపు తిప్పడం మంచిదా? ఈ మూడింటినీ పోల్చి చెప్పగలరు. మత్తులో పడి లేచిన బేస్‌బాల్ ఆటగాడు జాష్ హామిల్టన్ తిరిగి రాలేదా అని వాడు అడుగుతున్నాడు.

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు ఉంది. అందులో రెండు పేజీల నిండా అంకెలే ఉన్నాయి. అబ్బాయి బ్యాటుకు తగిలిన బంతి ఎంత వేగంతో వెళ్తుందో, అరవై గజాలు ఎన్ని సెకన్లలో పరుగెత్తుతాడో, అకాడమీ ఫీజు ఎన్ని వాయిదాలలో కట్టవచ్చో అంతా రాశారు. రాత్రి ఎన్నింటికి నిద్రపోతున్నాడో, భోజనం ఎవరితో కలిసి చేస్తున్నాడో ఎక్కడా రాయలేదు. చివరి పేజీ అడుగున మాత్రం, మళ్ళీ అలా జరిగితే మేము తట్టుకోలేము అని ఒక్క వాక్యం ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. ఆట పేరు మారుతుంది, కాలేజీ పేరు మారుతుంది, అడుగున ఉండే ఆ వాక్యం మాత్రం మారదు. అందువల్ల ముందుగా దానికే జవాబు చెబుతాను.

హామిల్టన్ పేరు మీ అబ్బాయి నోట రావడంలో వింత లేదు. 2012లో వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని ఆర్లింగ్టన్ స్టేడియానికి తీసుకువెళ్ళానని మీరే రాశారు. ఆయన బాల్టిమోర్‌లో ఒకే ఆటలో నాలుగు హోమ్ రన్లు కొట్టింది ఆ ఏడాది మే 8న. కాని ఆయన కథను మన ఇళ్ళలో సగమే చెప్పుకుంటారు: పడ్డాడు, లేచాడు, బంతిని స్టేడియం అవతలికి కొట్టాడు అని. మీకు పనికివచ్చేది మిగిలిన సగం.

నార్త్ కరోలినాలోని రాలీలో పెరిగిన హామిల్టన్‌ను 1999 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే కార్యక్రమంలో, అందరికంటే ముందు టాంపా బే జట్టు ఎంచుకుని, 39.6 లక్షల డాలర్ల బోనస్ ఇచ్చింది. అప్పటికి ఆయన వయసు 18. తల్లిదండ్రులు ఉద్యోగాలు వదులుకుని అగ్రశ్రేణి మేజర్ లీగ్‌కు కింది మెట్లయిన మైనర్ లీగుల్లో ఊరూరా కొడుకు వెంట తిరిగారు. 2001లో శిక్షణ శిబిరం జరుగుతున్న రోజుల్లో ముగ్గురూ ప్రయాణిస్తున్న వాహనాన్ని ఒక ట్రక్కు ఢీకొట్టింది. తల్లిదండ్రులు ఇంటికి తిరిగి వెళ్ళిపోయారు. నడుము గాయంతో ఆటకు దూరమైన ఆ యువకుడి దగ్గర చేతినిండా డబ్బు, రోజంతా ఖాళీ సమయం మిగిలాయి. ఒక పచ్చబొట్ల దుకాణంలో గంటల తరబడి కూర్చోవడం అలవాటైంది, మద్యం, కొకైన్ అక్కడ పరిచయమైనవారితోనే మొదలయ్యాయి. ఆ తరువాత నిషేధాలు, ఒకదాని వెంట ఒకటిగా చికిత్సా కేంద్రాలు. 2003 నుంచి మూడేళ్ళకు పైగా ఆయన ఒక్క ఆట కూడా ఆడలేదు.

ఆయన బ్యాటులో ఏ లోపమూ రాలేదు. పతనం మొదలైంది ఖాళీగా ఉన్న మధ్యాహ్నాలలో. అంతకుముందు పగలూ రాత్రీ తల్లిదండ్రులు పక్కనే ఉండడం వల్ల ఒంటరిగా ఒక సాయంత్రం ఎలా గడపాలో ఆయనకు తెలియకుండా పోయిందని కూడా నా అభిప్రాయం. మీరు రెండు వైపుల నుంచీ ఆలోచించాలి: పిల్లవాణ్ణి దూరంగా పంపడం ఎంత ప్రమాదమో, పోలీసులా వెంట తిరగడం కూడా అంతే ప్రమాదం.

తిరిగి రావడం ఎలా జరిగిందో చూడండి. 2005 అక్టోబరులో, ఎక్కడికీ వెళ్ళే దారి లేని స్థితిలో, ఆయన రాలీలో ఉన్న అమ్మమ్మ మేరీ హోల్ట్ తలుపు తట్టారు. ఆమె అన్నం పెట్టి పడుకోబెట్టింది. కొద్ది రోజులకే తన ఇంట్లోనే మళ్ళీ మత్తు తీసుకున్నాడని తెలిసినప్పుడు ఇక ఊరుకునేది లేదని ముఖం మీదే చెప్పింది. ఆయన మానేసింది అప్పుడే. ఆ తరువాత ఫ్లోరిడాలోని క్లియర్‌వాటర్‌లో ఒక చిన్న బేస్‌బాల్ శిక్షణ కేంద్రంలో చేరారు. అక్కడ మరుగుదొడ్లు కడిగేవారు, మైదానం చదును చేసేవారు, రాత్రి గాలి పరుపు మీద పడుకునేవారు. దానికి ప్రతిఫలంగా పని అయ్యాక వల కట్టిన బ్యాటింగ్ కేజ్‌లో సాధన చేసుకోనిచ్చేవారు. దేశం మొత్తంలో మొదటి ఎంపికగా నిలిచిన కుర్రవాడు చీపురు పట్టుకున్నాడు. ఆయన కొట్టిన హోమ్ రన్లన్నింటికంటే నాకు ఆ చీపురు ముఖ్యం.

2006 వేసవిలో హడ్సన్ వ్యాలీ అనే చిన్న జట్టు తరఫున 15 ఆటలు ఆడనిచ్చారు. ఆ డిసెంబరులో చికాగో కబ్స్ ఆయన్ని తీసుకుని, వెంటనే సిన్సినాటి రెడ్స్‌కు లక్ష డాలర్లకు ఇచ్చేసింది. 2007 ఏప్రిల్ 2న మొదటిసారి మేజర్ లీగ్ మైదానంలో అడుగుపెట్టినప్పుడు సిన్సినాటి ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మరుసటి ఏడాది ఆర్లింగ్టన్ జట్టు రేంజర్స్ తరఫున 130 ఆర్‌బీఐలతో (తన బ్యాటింగ్ వల్ల జట్టుకు వచ్చిన పరుగులు) అమెరికన్ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచారు. న్యూయార్క్‌లో హోమ్ రన్ డెర్బీ అనే పోటీ తొలి రౌండులోనే 28 బంతులు బయటికి కొట్టారు. ఆ రోజు ఆయనకు బంతులు వేసింది సొంత ఊరిలో చిన్నతనం నుంచి తెలిసిన 71 ఏళ్ళ క్లే కౌన్సిల్. 2010లో .359 బ్యాటింగ్ సగటుతో లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యారు.

మీ అబ్బాయికి ఇంతవరకు తెలిసే ఉంటుంది. ఆ రోజుల్లో ఆయన చుట్టూ ఎటువంటి ఏర్పాటు ఉండేదో మాత్రం తెలియకపోవచ్చు. వారానికి మూడుసార్లు పరీక్షలు జరిగేవి. జేబులో డబ్బు ఉంచుకునేవారు కాదు. యౌవనం నుంచి ఎరిగిన జానీ నారన్ అనే కోచ్ భోజనం డబ్బు తన దగ్గర పెట్టుకుని, ప్రయాణాలలో ఎప్పుడూ వెంట ఉండేవారు. 2010లో జట్టు గెలిచినప్పుడు సహచరులు షాంపేన్ పక్కన పెట్టి, ఆయన కోసం మద్యం లేని జింజర్ ఏల్ చల్లుకుంటూ సంబరం చేసుకున్నారు. ఇంత కట్టుదిట్టం ఉన్నా 2009 జనవరిలో అరిజోనాలో ఒక రాత్రి మళ్ళీ తాగారు. మరునాడే భార్యకు, జట్టుకు, లీగ్‌కు తనే చెప్పారు. 2012 ఆరంభంలో డల్లాస్‌లో ఇంకోసారి తాగి, బహిరంగంగా క్షమాపణ చెప్పారు. 2015లో మరోసారి తప్పటడుగు పడినప్పుడు కూడా లీగ్‌కు స్వయంగా తెలియజేశారు. ఆట ముగిశాక ఆయన కుటుంబ వ్యవహారం కోర్టు దాకా కూడా వెళ్ళింది. మచ్చలేని కథగా దీన్ని పిల్లలకు చెప్పకండి, అది వారికి మేలు చేయదు.

ఇక మీ చివరి వాక్యం సంగతి. మళ్ళీ అలా జరగవచ్చు. జరగదని మాట ఇవ్వడం ఎవరి వల్లా కాదు, ఇచ్చేవారుంటే నమ్మకండి. కాని 2009లో జారిన మనిషే 2010లో లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. జారిన మరునాడు చెప్పుకోవడానికి ఆయనకు మనుషులు ఉన్నారు. మీ అబ్బాయికి ఉన్నారా?

ఇక్కడ నేను కొంచెం కటువుగా మాట్లాడక తప్పదు, పెద్దమనసుతో వినండి. గుంటూరులో ఉన్న అమ్మమ్మ తాతయ్యలకు నడుము నొప్పి అని మాత్రమే చెప్పామనీ, గుడిలో ఎవరైనా అడిగితే అదే చెప్పమని అబ్బాయికి కూడా నేర్పామనీ రాశారు. పరువు అనే మాట మీ ఉత్తరంలో ఐదుసార్లు వచ్చింది. ఎనిమిది నెలలు శ్రమపడి కోలుకున్న పిల్లవాడికి నువ్వు చేసింది దాచుకోవలసిన పని అని మీరు ప్రతి ఆదివారం గుర్తు చేస్తున్నారు. రేపు నిజంగానే కాలు జారితే అతను మొదట చేసే పని దాచడమే, ఎందుకంటే మీ ఇంట్లో నేర్చుకున్నది అదే. ఊరంతా చాటమని నేను అనడం లేదు. అబ్బాయినే అడిగి, అతను నమ్మే ఇద్దరు ముగ్గురు పెద్దవారికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అమ్మమ్మ పేరు చెబితే ఆశ్చర్యపోకండి.

దాచడం ఎంత ప్రమాదమో మీ ఊరికి దగ్గరలోనే తెలిసింది. 2019 జూలై 1న ఏంజెల్స్ జట్టులో బంతులు వేసే ఆటగాడు (పిచర్) టైలర్ స్కాగ్స్ సౌత్‌లేక్‌లోని హోటల్ గదిలో చనిపోయారు. ఆయన శరీరంలో మద్యంతో పాటు ఆక్సికోడోన్, ఫెంటనిల్ అనే నొప్పి మందులు ఉన్నట్టు తేలింది. ఆ తరువాతే మేజర్ లీగ్ ఆ కోవకు చెందిన ఓపియాయిడ్లకు పరీక్షలు పెట్టి, దొరికినవారిని ముందుగా శిక్షకు కాకుండా చికిత్సకు పంపే పద్ధతి తెచ్చింది. స్నేహితుల దగ్గర దొరికే మాత్రలో ఏమి కలిసి ఉంటుందో ఎవరికీ తెలియదు. కనుక అలాంటి మందు మోతాదు మించినప్పుడు ప్రాణం కాపాడే నాలోక్సోన్ స్ప్రే ఇంట్లో ఉంచండి, మందుల దుకాణంలో చీటీ లేకుండానే ఇస్తారు. ఇక ముందు ఏ గాయానికైనా, చివరికి పన్ను తీయించడానికైనా సరే, అబ్బాయికి గతంలో జరిగింది డాక్టరుకు ముందే చెప్పండి.

ఇప్పుడు అకాడమీ సంగతి. గత కొన్నేళ్ళుగా మన కుటుంబాలలో ఇది ఒక మోజుగా మారింది. ఒకప్పుడు పిల్లలను రెసిడెన్షియల్ కాలేజీ హాస్టల్లో వేసిన ధోరణే ఇప్పుడు ఫ్లోరిడాకు మారిందనిపిస్తుంది. అబ్బాయిలో ప్రతిభ ఉంది, మా దగ్గర డబ్బు ఉంది, మిగతాది వాళ్ళు చూసుకుంటారు అనే నమ్మకం. ఈ అకాడమీలలో మంచి కోచ్‌లు ఉంటారు, కాదనను. కాని అక్కడ ప్రతి వారం ఎవరో ఒకరు పిల్లవాణ్ణి కొలుస్తూనే ఉంటారు, స్కౌట్ల ముందు ఆడి చూపించే షోకేస్ ప్రతి నెలా ఒకటి ఉంటుంది. నొప్పి వచ్చినా చెప్పకుండా ఆడాలనే ఒత్తిడి పెరుగుతుంది, మీ అబ్బాయి కష్టం మొదలైంది సరిగ్గా అక్కడే. సాయంత్రం ఆరు తరువాత గదిలో అతని పక్కన ఎవరు ఉంటారో ఆ బ్రోషర్‌లో లేదు. చికిత్స చేసిన కౌన్సెలర్ డల్లాస్‌లో ఉంటే పిల్లవాడు వెయ్యి మైళ్ళ దూరంలో ఉంటాడు. హామిల్టన్ కూడా ఫ్లోరిడాలోనే బాగుపడ్డాడు కదా అని మీరు అనవచ్చు. ఆయన అక్కడికి వెళ్ళేటప్పటికి ఆయన్ని కొలిచేవారెవరూ లేరు, చేతిలో చీపురు ఉంది. మీరు పంపాలనుకుంటున్న చోటు అది కాదు.

పైగా లెక్క కూడా మారింది. మేజర్ లీగ్ డ్రాఫ్ట్ ఒకప్పుడు 40 రౌండ్లు ఉండేది, 2021 నుంచి 20 మాత్రమే. మైనర్ లీగ్ జట్లను 120కి తగ్గించారు. 2023 ఒప్పందంలో కూడా మైనర్ లీగుల్లో కింది స్థాయి అయిన లో-ఎ ఆటగాడి కనీస జీతం ఏడాదికి 26,200 డాలర్లుగానే పెట్టారు. పెద్ద యూనివర్సిటీ జట్లలో ఇప్పుడు ఎక్కువ చోట్ల 34 మందికే చోటు. ఈ లెక్కలు అబ్బాయిని భయపెట్టడానికి చెప్పడం లేదు, అతనికి బహుశా మీకంటే బాగా తెలుసు. మీరు అకాడమీకి కట్టబోయే డబ్బు దేనికి కడుతున్నారో మీకు తెలియాలని చెబుతున్నాను. మీరు ప్రస్తావించిన కుమార్ రాకర్ సంగతి కూడా అంతే. తల్లి వైపు భారతీయ మూలాలున్న ఆ పిచర్ 2021లో డ్రాఫ్ట్ అయినా ఒప్పందం కుదరలేదు, 2022లో రేంజర్స్ తీసుకుంది, 2023లో మోచేతి శస్త్రచికిత్స జరిగింది, 2024 సెప్టెంబరులో గాని మేజర్ లీగ్‌లో ఆడలేదు. ఎంత ప్రతిభ ఉన్నా సమయం తన పద్ధతిలోనే వస్తుంది.

ఆట పూర్తిగా మానిపించడం గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అది వద్దనే నా సలహా. ఎనిమిది నెలలు ఉదయం లేవడానికి అతనికి ఒక కారణం ఉంది, దాన్ని తీసేసి ఆ స్థానంలో కోడింగ్ పెట్టాలని చూడకండి. కంప్యూటర్ సైన్స్ మీద అతనికి ఇష్టం ఉంటే చదువుతాడు, దానికి బ్యాట్ అడ్డు రాదు.

మిగిలింది జూనియర్ కాలేజీ. మన బంధువులకు ఆ పేరు చెప్పడానికి మీకు మొహమాటంగా ఉందని ఉత్తరంలోనే తెలుస్తోంది. హ్యూస్టన్ దగ్గరి శాన్ జసింటో కాలేజీలో ఆడినవారిలో రోజర్ క్లెమెన్స్, ఆండీ పెటిట్ ఉన్నారు. డల్లాస్ కాలేజీ క్యాంపస్‌లలోనూ జట్లు ఉన్నాయి, అక్కడైతే ఇంటి నుంచే వెళ్ళి రావచ్చు, కౌన్సెలర్‌ను ప్రతి వారం కలుస్తూ ఉండవచ్చు. జూనియర్ కాలేజీ ఆటగాడిని ఏ ఏడాదైనా డ్రాఫ్ట్ చేయవచ్చు, నాలుగేళ్ళ కాలేజీలో అయితే సాధారణంగా మూడో ఏడాది ముగిసేదాకా ఆగాలి. తీసుకున్న క్రెడిట్లు తరువాత చాలావరకు యూనివర్సిటీకి మారతాయి, మీ కంప్యూటర్ సైన్స్‌కూ దారి మూసుకుపోదు. ఈ ఏడాది స్కూలు జట్టులోకి తిరిగి రానివ్వకపోతే కోచ్‌ను అబ్బాయే స్వయంగా కలిసి, బ్యాట్ లేకపోయినా జట్టుతో ఉండే పని ఏదైనా ఇవ్వమని అడగాలి. మీరు వెళ్ళి అడగకండి. నాకు తెలిసిన ఒక విద్యార్థి అలాగే ఒక సీజన్ అంతా బెంచీ మీద కూర్చుని స్కోరు పుస్తకం రాశాడు, బంతుల బకెట్లు మోశాడు. ఆ వసంతంలో అతని తల్లి నాకు ఫోన్ చేసి, మావాడు ఇప్పుడు ఇంటికి వచ్చి మాట్లాడుతున్నాడండీ అంది. ఆమె అంతకంటే వేరే వార్తేమీ చెప్పలేదు, నేను అడగనూ లేదు.

అకాడమీ దరఖాస్తు గడువు వచ్చే వారమని రాశారు. దాన్ని పోనివ్వండి. పదకొండేళ్ళ వయసులో ప్రైవేటు కోచ్‌ను పెట్టేదాకా పెరట్లో రోజూ నేనే బంతులు వేసేవాణ్ణి అని మీ రెండో పేజీలో ఒకచోట రాశారు. ఆ బంతుల బకెట్ గ్యారేజీలో ఇంకా ఉండే ఉంటుంది. ఈ శనివారం అబ్బాయి కేజ్‌కు వెళ్ళేటప్పుడు మీరూ వస్తానని అడగండి. సరేనంటే ఫోను కారులో వదిలేసి, వేగం కొలిచే యంత్రం తీయకుండా, అతను చాలు నాన్నా అనేదాకా బంతులు వేయండి.